మీ ఫోటోలోది శత్రువు కాదండీ

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన వారం మీ వ్యవసాయ పేజీలో మొక్కల రసం పీల్చే పేనుబంక మీద ఒక వ్యాసం వేశారు. వ్యాసం బాగానే ఉంది, చదివించేలా కూడా ఉంది. కానీ పక్కన వేసిన ఫోటో చూసి నాకు తల తిరిగింది. ఆకు మీద నల్లగా, పొడుగ్గా, ఒళ్లంతా గరుకుగా, వీపు మీద నారింజ రంగు మచ్చలతో, చూడ్డానికి బుల్లి మొసలిలా ఉన్న పురుగు. దాని కింద 'పంటను పీల్చి పిప్పి చేస్తున్న పురుగు' అని రాశారు. అయ్యా, అది అక్షింతల పురుగు పిల్ల. పేనుబంకను తిని బతికే పురుగు. దొంగతనం గురించి వార్త రాసి, పక్కన కాపలావాడి ఫోటో వేశారన్నమాట.

ఇంత చిన్న పొరపాటుకు ఇంత పెద్ద ఉత్తరమా అని మీకు అనిపించవచ్చు. నాకు మాత్రం ఇది చిన్నదిగా కనిపించలేదు, ఎందుకంటే ఇదే పొరపాటు నేనూ చేశాను, చాలా ఏళ్లు చేశాను. సేద్యం మొదలుపెట్టిన కొత్తలో ఆ మొసలి పిల్లల్ని చూసి కొత్త పురుగేదో దిగిందని కంగారుపడి, మామూలుగా కొట్టేదానికంటే ఘాటైన మందు తెచ్చి కొట్టిన రోజులున్నాయి. మూడు రోజులు పొలం శుభ్రంగా ఉండేది. రెండు వారాలు తిరిగేసరికి పేనుబంక మళ్లీ, ఈసారి ఇంకా గుబురుగా. మందు కల్తీ అని తిట్టుకునేవాణ్ణి. నిజానికి మందు నిక్షేపంలా పనిచేసింది, ఎవరి మీద పనిచేయకూడదో వాళ్ల మీద కూడా పనిచేసింది, అంతే. పేనుబంక తల్లి మగతోడు లేకుండానే పిల్లల్ని కనేస్తుంది, ఆ పిల్లలు వారం పది రోజుల్లో మళ్లీ తల్లులవుతాయి. అక్షింతల పురుగు గుడ్డు పెద్ద పురుగు కావడానికి మూడు నాలుగు వారాలు కావాలి. ఇద్దర్నీ ఒకేసారి తుడిచిపెడితే ముందు లేచేది ఎవరో చెప్పడానికి పెద్ద లెక్కలు రావక్కర్లేదు.

పేరు దగ్గరే మనకు ఒక చిక్కుంది లెండి. వంగ ఆకుల్ని గీకి గీకి జల్లెడ చేసే ఎపిలాక్నా జాతినీ అక్షింతల పురుగు అనే అంటాం, పేనుబంకను తినేదాన్నీ అక్షింతల పురుగు అనే అంటాం. ఒకే ఇంటిపేరు, రెండు రకాల బుద్ధులు. ఆకు తినేదాని ఒళ్లు మెరుపు లేకుండా మసకగా, సన్నటి నూగుతో ఉంటుంది, దాని పిల్ల పసుపు రంగులో, ఒంటినిండా కొమ్మలు కొమ్మలుగా చీలిన ముళ్లతో ఆకుకు అతుక్కుని గీకుతూ ఉంటుంది. మేలు చేసేది నున్నగా మెరుస్తుంది, దాని పిల్ల ఒకచోట నిలవదు, పేనుబంక గుంపుల మధ్య తిరుగుతూనే ఉంటుంది. ఈ తేడా ఒక్కసారి పక్కపక్కన ఫోటోలు పెట్టి చూపిస్తే ఎవరికైనా అర్థమయ్యేదే. ఎవరూ చూపించరు. మా పక్క పొలం ఆయన వంగలో ఏదో నేర్చుకుని, ఆ నేర్చుకున్నదాంతో మిగతా పంటల్లో కనిపించిన ప్రతి మచ్చల పురుగునూ నలిపేసేవాడు. ఆయన్ని ఏమంటాం, మనం పెట్టిన పేరే అలా ఉంది.

అక్షింతల పురుగు ఒక్కటే కాదు. అల్లిక రెక్కల పురుగు గుడ్లు చూశారా ఎప్పుడైనా, ఒక్కో గుడ్డు వెంట్రుకంత సన్నటి కాడ చివర నిలబడి ఉంటుంది, చూసినవాళ్లు ఆకుకు బూజు పట్టిందనుకుని తెగులు మందు కొడతారు. పేనుబంక గుంపులో కొన్ని ఉబ్బి, గోధుమ రంగుకు తిరిగి, కదలకుండా ఉంటాయి. అవి బాగా బలిసిన పేలని నేను అనుకునేవాణ్ణి. తీరా అవి ఖాళీ పెంకులు, లోపల ఒక చిన్న బదనిక, అంటే వేరే పురుగు ఒంట్లో పెరిగే బుల్లి కందిరీగ, పెరిగి పేనుబంకను తినేసి గుండ్రటి కన్నం చేసుకుని బయటికి వెళ్తుంది. గొంగళి పురుగు ఒంటి మీదో, దాని పక్కనో తెల్లటి దూది గింజల్లాంటివి గుత్తిగా కనిపిస్తే అవి దాని గుడ్లని చాలామంది నమ్మకం. గొంగళి పురుగు గుడ్లు పెట్టదు కదా, పెట్టేది తల్లి పురుగు. అవి దాని లోపల పెరిగి బయటికి వచ్చిన బదనికల గూళ్లు. ఆ పురుగు అప్పటికే సగం చచ్చింది. దాన్ని నలిపితే మనం చంపేది పురుగును కాదు, రేపు ఇంకో ఇరవై పురుగుల్ని పట్టబోయేవాళ్లను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. జీవ నియంత్రణ, అంటే పురుగును దాని శత్రువులతోనే అదుపు చేయడం గురించి మీ పేజీలోనూ, మిగతా చోట్లా రాసే తీరు ఒకటే. రసాయన మందుల జాబితా అంతా అయిపోయాక చివర్లో ఒక వాక్యం, 'లేదా ట్రైకోగ్రామా బదనికలను విడుదల చేయాలి', 'లేదా ఎన్.పి.వి. ద్రావణం పిచికారీ చేయాలి' అని. చదివేవాడికి అది కూడా ఇంకో మందు డబ్బాలాగే తలకెక్కుతుంది. మందయితే తెస్తాం, కొడతాం, మర్నాడు పొద్దున వెళ్లి చచ్చిన పురుగుల్ని చూసుకుంటాం. ప్రాణమున్నదాన్ని తెచ్చి దానితో కూడా అదే లెక్క పెట్టుకుంటే అది ప్రతిసారీ ఓడిపోతుంది. దాన్ని పశువును చూసుకున్నట్టు చూసుకోవాలి, అది ఏం తింటుంది, ఎక్కడ తలదాచుకుంటుంది, ఎన్నాళ్లకు పిల్లల్ని పెడుతుంది, దేనికి చస్తుంది అని. నా గొడవంతా ఇదే, మిగతాదంతా దీని చుట్టూనే.

నా సొంత కథే చెప్తాను, నవ్వుకున్నా పర్లేదు. మొదటిసారి ట్రైకోకార్డులు తెచ్చినప్పుడు నాకు వాటి గురించి తెలిసింది ఒక్కటే, అవి పురుగును చంపుతాయని. అట్టముక్క మీద కార్సైరా అనే పురుగు గుడ్లు అంటించి, ఆ గుడ్లలో ట్రైకోగ్రామా అనే బుల్లి కందిరీగ తన గుడ్లు పెట్టేలా చేస్తారు. ఒక్కో కందిరీగ అర మిల్లీమీటరు ఉంటుంది, అంతే. అది పొలంలోకి వెళ్లి మన పంట మీద తల్లి పురుగు పెట్టిన గుడ్లను వెతికి, వాటిలో తన గుడ్డు పెట్టి, పురుగును గుడ్డులోనే ఆపేస్తుంది. ఇంత గొప్ప పని చేసేదాన్ని తెచ్చి నేనేం చేశానంటే, పనుల ఒత్తిడిలో నాలుగు రోజులు ఇంట్లోనే ఉంచాను. కవర్ తెరిచేసరికి లోపల నల్లటి పొడి కదులుతున్నట్టుంది. అన్నీ కవర్లోనే బయటికొచ్చేసి, సగం చచ్చి, సగం చావడానికి సిద్ధంగా ఉన్నాయి.

రెండోసారి ఆలస్యం చేయలేదు. ఎండ బాగా ఎక్కాక వెళ్లి, ఆకుల పైవైపు, అందరికీ కనిపించేలా పిన్నులు కొట్టి వచ్చాను. సాయంత్రం చూస్తే చీమలు కార్డుల మీద బారులు తీరి ఉన్నాయి. వాటికి ఆ రోజు పండగ. మూడోసారి చల్లటి పూట, ఆకు అడుగు వైపు, ముక్కలు ముక్కలుగా పొలమంతా సర్ది పెట్టాను. అంతా సరిగ్గా చేశాననుకున్నా. పురుగు తగ్గలేదు. ఎందుకు తగ్గుతుంది, అప్పటికే గుడ్లు పగిలి పిల్లలు కాండంలోకి దూరిపోయాయి, ట్రైకోగ్రామాకు గుడ్డు తప్ప పురుగుతో పని లేదు. నాలుగోసారి ముందు లింగాకర్షక బుట్టలు పెట్టి, వాటిలో మగ రెక్కల పురుగులు పడటం మొదలైన రోజు నుంచి లెక్కపెట్టుకుని, గుడ్లు పెట్టే సమయానికి మొదటి విడత, తర్వాత వారం వారం ఇంకో విడత పెట్టాను, ఆ రోజుల్లో ఏ మందూ కొట్టలేదు. నాలుగైదు రోజులకు ఆకుల మీద గుడ్లు వెతికితే చాలావరకు నల్లబడి కనిపించాయి. గుడ్డు నల్లబడిందంటే లోపల మనవాడు ఉన్నట్టు. అదీ ఫలితం చూసుకునే పద్ధతి. చచ్చిన పురుగుల కోసం వెతికితే ఒక్కటీ దొరకదు, ఎందుకంటే అవి పుట్టనే లేదు.

ఇన్ని తప్పులు చేసి నేర్చుకున్న విషయం మీ వ్యాసంలో నాలుగు వాక్యాల్లో చెప్పొచ్చు. నేను మూడు పంటలు పెట్టి నేర్చుకున్నాను.

ఇంకో మాట. బయటి నుంచి తెచ్చి వదలడం కన్నా ముందు, పొలంలో ఉన్నవాటిని చంపకపోవడం. ఇది చెప్తే చాలామందికి అదేదో చేతకాని మాటలా వినిపిస్తుంది. కానీ ఒక దేశం మొత్తం ఇది నేర్చుకుంది. ఇండోనేసియాలో వరి రసం పీల్చే సుడిదోమ విపరీతంగా పెరిగి, ఎంత కొడితే అంత ఎక్కువైన రోజుల్లో అక్కడి ప్రభుత్వం 1986 నవంబరులో ఒక్క దెబ్బతో 57 రకాల పురుగుమందుల్ని వరిలో వాడకూడదని నిషేధించింది. దోమ గుడ్లు ఆకు ఒర కణజాలం లోపల ఉంటాయి, పిచికారీ వాటిని తాకదు. బయట తిరిగే సాలీళ్లు, దోమ గుడ్లను పీల్చే మిరిడ్ నల్లులు మాత్రం మందుకు పోతాయి. తర్వాత గుడ్లు పగిలి పిల్లలు బయటికొచ్చేసరికి వాటిని తినేవాడే లేడు. దోమను పెంచింది మందే అన్నమాట. నిషేధం తర్వాత ఆ దేశంలో వరి దిగుబడి కుప్పకూలలేదు, పెరుగుతూనే పోయింది. ఆ తర్వాతే అక్కడ రైతు పొలం బడులు మొదలై, రైతులు పొలంలోకి దిగి దోమల్నీ సాలీళ్లనూ విడివిడిగా లెక్కపెట్టుకుని, ఆ లెక్క చూశాకే కొట్టాలా వద్దా అని తేల్చుకోవడం నేర్చుకున్నారు. మనకు దోమను లెక్కపెట్టడం వరకు వచ్చు. సాలీణ్ణి ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

సూక్ష్మజీవుల సంగతి కూడా కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది 'పని చేయలేదు' అని పారేసేది వీటినే. వీటి పుట్టుపూర్వోత్తరాలు నాకు భలే ఆసక్తిగా ఉంటాయి. 1835లో ఇటలీలో బస్సీ అనే ఆయన పట్టుపురుగులు సున్నం కొట్టినట్టు తెల్లగా గట్టిపడి చచ్చిపోవడానికి కారణం ఒక బూజు అని తేల్చాడు, ఆ బూజే ఇవాళ మనం వాడే బవేరియా, దాని పూర్తి పేరు బవేరియా బాసియానాలో ఆయన పేరు ఇంకా ఉంది. 1901లో జపాన్‌లో ఇషివాతా అనే ఆయన మళ్లీ పట్టుపురుగుల్లోనే చూసిన ఒక బాక్టీరియాను, పదేళ్లకు జర్మనీలోని తురింగియాలో బెర్లినర్ పిండి పురుగుల్లో చూసి ఆ ప్రాంతం పేరు పెట్టాడు, అదే బాసిల్లస్ తురింజియెన్సిస్, పొట్టిగా బి.టి. 1938 నాటికి ఫ్రాన్సులో అది మందుగా అమ్మకానికి కూడా వచ్చింది. పట్టుపురుగులు పెంచేవాళ్లను ఏడిపించిన రోగాలే పంట పండించేవాళ్లకు చుట్టాలయ్యాయి. ఇందులో ఒక హెచ్చరిక కూడా ఉంది, పట్టుపురుగులు పెంచే చోట, మల్బరీ తోటల దగ్గర ఇవి చల్లకూడదు. డబ్బా మీద ఇది కనిపించీ కనిపించని అక్షరాల్లో ఉంటుంది.

బి.టి. మీద పడితే పురుగు చావదు, తినాలి. తిన్నాక పురుగు పేగులోని క్షార గుణానికి బి.టి.లోని విష స్ఫటికం కరిగి, పేగు గోడలకు కన్నాలు పడి, కొన్ని గంటల్లో తిండి మానేస్తుంది. కానీ చావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. మర్నాడు పొద్దున వెళ్లిన రైతుకు పురుగు బతికే కనిపిస్తుంది, అది తినడం లేదన్న సంగతి కనిపించదు, టెన్షన్ పడి రసాయనం కొట్టేస్తాడు, తర్వాత పురుగు చస్తే పేరు రసాయనానికి పోతుంది. ఆకు కింద కొత్తగా పడిన రెట్ట ఉందా లేదా చూస్తే తెలిసిపోతుంది, తినని పురుగు రెట్ట వేయదు. పైగా చిన్న పురుగుల మీదే దీని ప్రభావం, వేలంత పెరిగాక వేసి పనిచేయలేదంటే తప్పు ఎవరిది?

ఎన్.పి.వి. అనేది పురుగులకు రోగం తెప్పించే వైరస్, అదీ అంతే, నాలుగు రోజుల నుంచి వారం పడుతుంది. రోగం ముదిరిన పురుగు మొక్క చిటారుకు ఎక్కి తలకిందులుగా వేలాడి చచ్చిపోతుంది, ఒళ్లు పగిలి కారే ద్రవంలో ఉన్న వైరస్ కింది ఆకుల మీద పడి మిగతా పురుగులకు అంటుతుంది. అంటే ఆ వేలాడే శవాలే మీ తర్వాతి విడత మందు, అసహ్యమేసి ఏరి పారేయకండి. శనగపచ్చ పురుగు వైరస్ లద్దె పురుగు మీద పనిచేయదు, లద్దె పురుగుది దీని మీద పనిచేయదు. ఇది లోపమని కొందరంటారు. నాకైతే అదే దాని గొప్పతనం, అక్షింతల పురుగునూ తేనెటీగనూ అది ముట్టుకోదు. ఎండ తగిలితే వైరస్ త్వరగా చచ్చిపోతుంది కాబట్టి పొద్దు వాలాక కొట్టాలి. బవేరియా, మెటారైజియం లాంటి బూజులకు గాలిలో తేమ కావాలి, ఎండిపోయిన వాతావరణంలో కొట్టి లాభం లేదు, తెగులు మందుతో కలిపి కొడితే ఆ తెగులు మందు ముందు చంపేది దీన్నే. బూజును చంపే మందులో బూజును కలపకూడదని చెప్పడం కూడా ఒక చెప్పడమేనా అనుకోవద్దు, ఒకే ట్యాంకులో రెండూ పోసి కొట్టినవాళ్లను నేను కళ్లారా చూశాను. ఎండలో కాలిపోయే గదిలో నెలల తరబడి ఉన్న డబ్బా తెచ్చుకుంటే లోపల ప్రాణమున్నది ఏదీ మిగిలి ఉండదు. తయారీ తేదీ, గడువు తేదీ చూసి తెచ్చుకోమని ఒక్క మాట రాస్తే ఎంతమందికి మేలు.

పేరు పోల్చుకోవడం ఎంత ముఖ్యమో చెప్పే కథ ఒకటుంది, ఇది మీ ఫోటో తప్పుకు బాగా దగ్గరి కథ. 1970ల్లో ఆఫ్రికాలో కర్రపెండలం మీద ఒక పిండినల్లి పడింది. అక్కడ దాదాపు 20 కోట్ల మందికి ఆ దుంపే తిండి. నల్లి దక్షిణ అమెరికా నుంచి వచ్చిందని తెలుసు కాబట్టి దాని శత్రువు కోసం అక్కడికే వెళ్లి వెతికారు. వెతికితే కర్రపెండలం మీదే, చూడ్డానికి అచ్చం అలాగే ఉన్న పిండినల్లి దొరికింది, దాని బదనికలూ దొరికాయి. తీరా చూస్తే అది వేరే జాతి నల్లి, దాని బదనికలు ఆఫ్రికా నల్లిని పట్టించుకోలేదు. మళ్లీ వెతగ్గా వెతగ్గా 1981లో పరాగ్వేలో అసలు నల్లి, దాని మీద అనగైరస్ లోపెజి అనే రెండు మిల్లీమీటర్లు కూడా లేని కందిరీగ దొరికాయి. నైజీరియాలో మొదలుపెట్టి సుమారు 30 దేశాల్లోకి ఆ కందిరీగ పాకింది, నల్లి తోక ముడిచింది. ఈ పని నడిపించిన హాన్స్ హెరెన్‌కు 1995లో ప్రపంచ ఆహార బహుమతి ఇచ్చారు. ఆరితేరిన శాస్త్రవేత్తలే రెండు నల్లుల మధ్య పొరబడ్డారు, వాళ్లు ఆ పొరపాటు పట్టుకుని సరిదిద్దుకున్నారు కాబట్టి కథ సుఖాంతమైంది. మీరు కూడా దిద్దుకుంటారనే ఈ ఉత్తరం.

దీనికి వందేళ్ల ముందు కథ అందరూ చెప్పేదే, క్లుప్తంగా చెప్తాను. కాలిఫోర్నియా నారింజ తోటల్ని దూది పొలుసు పురుగు ఎండబెట్టేస్తుంటే 1888లో ఆల్బర్ట్ కోబెలే అనే ఆయన్ని ఆ పురుగు పుట్టిల్లయిన ఆస్ట్రేలియాకు పంపారు. ఆయన ఓడల్లో పంపిన మొదటి విడతల్లో ప్రాణాలతో చేరిన వెడాలియా అక్షింతల పురుగులు మొత్తం 129. ఆ నూట చిల్లర పురుగుల్ని డేరా కప్పిన చెట్టు మీద వదిలి పెంచి పంచారు, 1889 చివరికల్లా తోటలు కోలుకున్నాయి. అందరూ ఇక్కడే కథ ఆపేస్తారు. నాకు నచ్చేది దీని రెండో భాగం. 1940ల్లో అవే తోటల్లో వేరే పురుగుల కోసం డీడీటీ కొట్టారు, వెడాలియాలు చచ్చాయి, యాభై ఏళ్లుగా కనిపించకుండా పోయిన పొలుసు పురుగు మళ్లీ చెట్లను కప్పేసింది. అంటే అది ఎక్కడికీ పోలేదు, యాభై ఏళ్లుగా ఆ చిన్న పురుగు రోజూ దాన్ని అదుపులో పెడుతూ వచ్చింది, చేసే పని కనిపించకపోయేసరికి పని చేసేవాణ్ణే మర్చిపోయారు.

ఇదంతా చదివి నేను సహజమైనదంతా మంచిదనే బాపతు అనుకోవద్దు. 'ప్రకృతి సిద్ధం కాబట్టి పూర్తిగా సురక్షితం' అనే శీర్షిక మీ పేపర్లోనే ఒకసారి చూశాను, అదీ నాకు నచ్చలేదు. చెరకును తినే పెంకు పురుగుల కోసం 1935లో హవాయి నుంచి ఆస్ట్రేలియాకు వందకు పైగా పెద్ద కప్పల్ని తెచ్చారు. ఆ పురుగు పిల్లలు మట్టిలో వేర్ల దగ్గర ఉంటాయి, పెద్దవి చెరకు పైన ఉంటాయి, కప్ప నేల మీద ఉంటుంది. ముగ్గురూ కలిసే చోటే లేదు. పురుగు తగ్గలేదు, కప్పలు కోట్లలోకి పెరిగాయి, వాటి విషానికి అక్కడి జంతువులు చస్తున్నాయి. మన గోరింకను కూడా 1762లో మిడతల కోసమని మారిషస్‌కు తీసుకెళ్లారు, మిడతల్ని తిన్నది నిజమే, కానీ ఇవాళ ప్రపంచంలో అత్యంత చెరుపు చేసే వలస జీవుల జాబితాలో గోరింక పేరుంది. అది తిండిలో పేచీలు పెట్టే పక్షి కాదు కదా, మిడతతో ఎందుకు ఆగుతుంది. వెడాలియా ఆగింది, పరాగ్వే కందిరీగ ఆగింది, ఎందుకంటే వాటికి ఇంకో తిండి దాదాపు తెలియదు. ఇప్పుడు దేశాలు బయటి జీవిని తేవాలంటే ఏళ్ల తరబడి గదుల్లో పెట్టి పరీక్షించేది ఇందుకే. ఎవరో పట్టుకొచ్చి ఇచ్చిన పురుగుల్ని 'మంచివే' అనుకుని వదలకూడదని కూడా రాయండి.

బి.టి.కి కూడా పురుగు అలవాటు పడుతుంది. క్యాబేజీని తినే డైమండ్ రెక్కల పురుగు పొలంలోనే బి.టి. పిచికారీని తట్టుకుంటోందని హవాయి నుంచి 1990లోనే బయటపడింది. ఒకే ఆయుధం పదే పదే వాడితే అంతే, అది జీవమైనా రసాయనమైనా. ఇంకా చెప్పాలంటే మొక్కల నుంచి తీసిన పైరెత్రమ్ లాంటివి కూడా అక్షింతల పురుగును చంపుతాయి, మొక్క నుంచి వచ్చింది కదా అని అది మనవాణ్ణి చూసి వదిలేయదు.

మరి రసాయనాలు అసలు కొట్టొద్దంటావా అని మీ పాఠకులు అడుగుతారు. నేను అలా అనను. పురుగు ఉధృతి చేయి దాటినప్పుడు కొట్టక తప్పని రోజులు నాకూ వచ్చాయి. కానీ నష్టం చేసే స్థాయికి పురుగు చేరిందా లేదా లెక్క చూసుకుని, పొలమంతా కాకుండా ఉన్నచోటే, మిత్రపురుగులకు తక్కువ హాని చేసే మందు ఎంచుకుని కొట్టడం వేరు, తేదీలు పెట్టుకుని వారం వారం కొట్టడం వేరు. నిజంగా కష్టమైన ప్రశ్న ఇంకొకటుంది, దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. నేను కార్డులు పెట్టిన సాయంత్రమే పక్క పొలంలో మందు కొడితే గాలికి అది నా పొలంలోకి వస్తుంది, నా కందిరీగలు గట్టు చూసి ఆగవు, అటు వెళ్లి చస్తాయి. ఒక్కడు చేస్తే సగం ఫలితమే. మా చుట్టూ నలుగురైదుగురం మాట్లాడుకుని ఒకే వారంలో పెట్టడం మొదలుపెట్టాక తేడా కనిపించింది. ఒప్పుకోని ఒకాయన ఇంకా ఉన్నాడు. ఆయన మీ పేపరే చదువుతాడు, అది కూడా ఈ ఉత్తరానికి ఒక కారణం.

గట్ల గురించి కూడా ఒక్క ముక్క. గట్టు మీద గడ్డిపరక లేకుండా చెక్కేసి నున్నగా ఉంచితే మంచి రైతు అని పేరొస్తుంది. రెక్కలొచ్చిన బదనికలు, పేనుబంకను తినే పిల్లల్ని కనే పూల ఈగలు పురుగుల్ని తిని బతకవు, పూల తేనె తాగి బతుకుతాయి. పువ్వే లేని పొలంలో వాటిని వదిలితే అవి గుడ్లు పెట్టకముందే పోతాయి. మా గట్టు మీద ఇప్పుడు నాలుగైదు రకాల పూల మొక్కలున్నాయి, చూసినవాళ్లు బద్ధకం అంటారు, అననీయండి.

ఇక మిమ్మల్ని అడగాల్సింది. ముందు ఆ ఫోటోకు సవరణ వేయండి, ఫోటో వేసినంత పెద్దగానే వేయండి, మూల ఒక గీత కింద రెండు ముక్కలు కాదు. ఆ పేజీ కత్తిరించి దాచుకునేవాళ్లున్నారు, ఆ పిల్లను చూసి మందు కోసం పరుగెత్తేవాళ్లున్నారు. తర్వాత ఏ పురుగు గురించి రాసినా పక్కన దాన్ని తినేవాడి ఫోటో కూడా వేయండి, అదీ రెక్కలొచ్చిన అందమైన పురుగు ఫోటో ఒక్కటే కాదు, గుడ్డు, పిల్ల, ఆకుకు అతుక్కున్న గూడు, అన్ని దశలూ. ఆ పెద్ద పురుగును అందరూ గుర్తుపడతారు, చచ్చేది పిల్ల దశలో. రసాయనం మోతాదు రాసినప్పుడు అది ఏయే మిత్రపురుగుల్ని చంపుతుందో కూడా రాయండి. 'విడుదల చేయాలి' అని రాసినప్పుడు ఎప్పుడు, ఏ పూట, ఆకుకు ఏ వైపు, ఎన్ని విడతలు, ఫలితం ఎన్నాళ్లకు ఎలా కనిపిస్తుంది అన్నది రాయండి. చోటు లేదంటే మందుల పేర్లలో రెండు తగ్గించండి.

ఫోటోలు దొరకడం కష్టమంటే నా ఫోన్‌లో చాలా ఉన్నాయి. అక్షింతల పురుగు పసుపు పచ్చ గుడ్ల గుత్తి నుంచి పెద్ద పురుగు దాకా వరసగా తీసినవి, నల్లబడిన గుడ్లవి, తలకిందులుగా వేలాడుతున్న పురుగువి, మొదటిసారి కవర్లోనే ఎగిరిపోయిన నా ట్రైకోకార్డుది కూడా ఉంది. అడిగితే అన్నీ పంపిస్తాను, డబ్బులేమీ అక్కర్లేదు. ఒక్కటే షరతు, ఫోటో కింద రాసే వాక్యం అచ్చుకు ముందు నాకు ఒకసారి చూపించండి.

ఇట్లు,
మీ పాత పాఠకుడు, ఒక రైతు